ఎదురుతలుపు చుట్టరికం

కూలిపోయిన కట్టడం కట్టినవాణ్ణి ఒక్కసారే తిట్టిస్తుంది. నిలబడ్డ కట్టడం రోజూ తిట్టిస్తుంది. నేను కట్టింది కూలలేదు. కాబట్టి ఈ ఘోరంలో ప్రాణనష్టం ఉండదని ముందే హామీ ఇస్తున్నాను. ఒక ఆవుకీ, ఒక పురోహితుడికీ కాస్త మనస్తాపం కలిగింది. చిల్లకల్లు నుంచి వచ్చిన ఒక క్యారేజీ భోజనం అన్యాయంగా బెజవాడ పాలయింది. మిగతా నష్టమంతా నా పరువుకే. అది అప్పటికి మరీ చెప్పుకోదగ్గ పరిమాణంలో లేదు.

ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్ళి చేసి చూడమన్నారు పెద్దలు. హాస్టలు కట్టి చూడమని మాత్రం ఎక్కడా అనలేదు. శత్రువునైనా అంత మాట అనకూడదని ఊరుకుని ఉంటారు.

డెబ్భయ్యో దశకం చివరి రోజులవి. సివిల్ ఇంజనీరింగ్ పట్టా చుట్ట చుట్టుకుని జగ్గయ్యపేటలో మా మేనమామ భద్రయ్య గారింట్లో దిగాను. మావయ్య మిరపకాయల వ్యాపారి. ఆయనకు నందిగామలో, కాలేజీకి కూతవేటు దూరంలో, తాటిపట్టెలా సన్నగా పొడుగ్గా ఓ జాగా ఉండేది. అందులో మిరపకాయల గోడౌన్ కట్టాలని ఆయన కోరిక. ఇంట్లోనే ఇంజనీరు తయారయ్యాడు గనక ఇక ఆలస్యం దేనికన్నాడు.

కానీ నా బుర్రలో అప్పటికే వేరే గోడలు లేచి ఉన్నాయి. చివరి సంవత్సరం మాకు పాఠం చెప్పిన ఒక మాస్టారు, "గోడలున్నది మనుషుల్ని విడదీయడానికి కాదు, కలపడానికి" అని ఆవేశంగా చెప్పేవారు. ఆయన ఇంటి చుట్టూ నిలువెత్తు ప్రహరీ ఉందనీ, పైన గాజుపెంకులు కూడా గుచ్చారనీ మాకు తర్వాత తెలిసింది. అప్పటికే ఆలస్యమైపోయింది. నేను ఆ మాట నమ్మేశాను.

"గోడౌన్ వద్దు మావయ్యా. చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చి చదువుకునే కుర్రాళ్ళకి గదులు కడదాం."

"గదులకేంరా, కాలేజీ చుట్టూ బోలెడున్నాయి."

"అవి గదులు. నేను కట్టేది స్నేహం."

మావయ్య నోట్లో చుట్ట తీసి నన్ను ఎగాదిగా చూశాడు. "స్నేహానికి సిమెంటెంత పడుద్దిరా?"

నేను పట్టు వదల్లేదు. కుర్రాళ్ళు ఏ ఊరివాళ్ళు ఆ ఊరివాళ్ళతోనే తిరుగుతున్నారనీ, ఒకే క్లాసులో కూర్చుని ఒకరి పేరొకరికి తెలియకుండానే పాసైపోతున్నారనీ, నా డిజైనుతో ఆ జబ్బు కుదురుతుందనీ వాదించాను. మా అత్తయ్య కూడా పిల్లల పుణ్యం అంటూ నా పక్షం వచ్చింది. మావయ్య మెత్తబడ్డాడు. కానీ వ్యాపారి మెత్తబడ్డాడంటే అడుగున ఎక్కడో గట్టిగా ఉంటుంది.

"సరే, కట్టు. కుర్రాళ్ళు నిలిస్తే నీ ఇష్టం. కొత్తకాయ కోతకొచ్చేలోపు ఖాళీ చేసి పోయారనుకో, అది గోడౌనే. నువ్వు దాన్లో గుమస్తావి. మళ్ళీ డిజైనూ గిజైనూ అనకూడదు."

ఈ శిక్షలోని తీవ్రత మీకు అర్థం కావాలంటే నా ముక్కు గురించి చెప్పాలి. మిరప ఘాటుకి అందరూ తుమ్ముతారు. నేను మిరపకాయ అన్న మాట వినబడ్డా తుమ్ముతాను. మా అమ్మ పోపులో ఎండుమిరపకాయ వేస్తే వీధి చివర ఆడుకుంటున్న నాకు తెలిసేది. అలాంటివాణ్ణి మిరపకాయ బస్తాల మధ్య జీవితాంతం కూర్చోబెట్టడమంటే చేపని తీసుకెళ్ళి ఇసకలో ఉద్యోగం ఇప్పించడమే. కాబట్టి ఆ కుర్రాళ్ళు కలిసి మెలిసి నిలవడం నాకు ఆదర్శం ఒక్కటే కాదు, ఆయుర్దాయం.

ఇక డిజైను. రోడ్డువైపు పెద్ద హాలు. దానికి నేను పెట్టిన పేరు 'కలివిడి శాల'. కుర్రాళ్ళందరూ సాయంత్రాలు అందులో చేరి లోకాభిప్రాయాలు వెలిబుచ్చుకోవాలని నా ఊహ. హాలు వెనక మధ్యలో పొడుగ్గా నడవ, నడవకి తూర్పున ఓ వరస గదులు, పడమట ఓ వరస. ద్వారానికెదురు ద్వారం ఉంటే ఇంటికి మంచిదని మావయ్య పట్టు, అందుకని తలుపులన్నీ ఎదురెదురు. గదికి మూడు మంచాలు పట్టాలి గనక తలుపు లోపలికి తెరిస్తే మంచానికి తగులుతుంది. అందుకని తలుపులన్నీ బయటికి, అంటే నడవలోకి తెరుచుకునేలా పెట్టాను.

"అందరూ లోపలికే పెట్టుకుంటారు గదండీ?" అన్నాడు వడ్రంగి బ్రహ్మం.

"మనసులు బయటికి తెరుచుకోవాలి బ్రహ్మం!"

"అబ్బో! సినిమా హాలు తలుపుల్లాగన్నమాట!" అని పొంగిపోయాడు బ్రహ్మం. నా మొదటి అభిమాని అతనే. చివరివరకూ అతనొక్కడే.

ఇంతటితో ఆగినా బాగుండేది. ఆగలేదు. గదిలోంచి బయటికొచ్చినవాడు కాసేపు కూర్చుని ఎదుటివాడితో కబుర్లాడాలి కదా అని ప్రతి తలుపు పక్కనా, హాలువైపున, ఓ అడుగు వెడల్పు సిమెంటు తిన్నె కట్టించాను. హాలు పెద్దది కావాలి, గదులు చిన్నవి కాకూడదు, జాగా చూస్తే తాటిపట్టె. మరి చోటెక్కడ దొరుకుతుంది? పాపం నడవ నోరులేనిది. దాని దగ్గర అడుగు అడుగు చొప్పున అప్పు తీసుకున్నాను. చివరికి నడవకి నాలుగడుగులు మిగిలాయి.

ఇక్కడ చిన్న లెక్క. భయపడకండి, నాకు రానంత కష్టమైంది కాదు. తలుపు వెడల్పు మూడడుగులు. తెరిస్తే పక్కనున్న తన తిన్నెకి తగిలి, గోడకి చేరబడలేక, నడవలో అడ్డంగా నిలబడిపోతుంది. దాని కొస పోయి సరిగ్గా ఎదుటి తిన్నెకి ఆనుకుంటుంది. ఆ తిన్నె ఒకడుగు. మూడూ ఒకటీ నాలుగు. అంటే ఎవడు తలుపు తెరిచినా నడవకి గేటు పడ్డట్టే. ఎదురెదురు తలుపులు ఒకేసారి తెరిచారా, మధ్యలో పొట్టేళ్ళలా ఢీకొంటాయి.

మూడూ ఒకటీ నాలుగని మావయ్య మనవరాలికి వచ్చు. ఇంజనీరింగులో మాకు అంతకంటే పెద్ద లెక్కలు నేర్పారు.

సంగతి గృహప్రవేశం నాడు ఆవు బయటపెట్టింది. ఆనవాయితీ ప్రకారం ముందు ఆవు, వెనక పురోహితుడు, ఆ వెనక మావయ్య, అత్తయ్య, బంధుజనం నడవలోకి ప్రవేశించారు. ఆవు మొదటి తిన్నెల మధ్యనుంచి పొట్ట రాసుకుంటూ ఎలాగో దూరింది. సరిగ్గా అప్పుడే రెండో గదిలో గడియ బిగిస్తున్న బ్రహ్మం సన్నాయి విని, సంబరం చూద్దామని తలుపు తెరిచాడు. నడవ మూసుకుపోయింది. ఎదురుగా కొమ్ములు కనబడేసరికి బ్రహ్మం ఆ తలుపునే డాలులా పట్టుకుని నిలబడ్డాడు.

"తలుపు వదలవయ్యా!" వెనకనుంచి మావయ్య.

"వదిలితే పొడుస్తదండీ!"

"వెనక్కి తోలండయ్యా ఆవుని!"

"ఆవు వెనక్కి నడవదండీ. అశుభం కూడానండీ," అన్నాడు పురోహితుడు, ఆవు తోకకూ మావయ్య పొట్టకూ మధ్య నలుగుతూ.

"ఒరేయ్ ఇంజనీరూ! ఎక్కడ చచ్చావురా?"

నేను హాల్లో ఉన్నాను. ఆ క్షణంలో నాకు లెక్క తట్టింది. కానీ జ్ఞానోదయమైన మనిషి వెంటనే మాట్లాడకూడదు. మాట్లాడలేదు. ఈలోగా ఆవే తనకు తోచిన పరిష్కారం చూపించింది. గోమూత్రం పరమ శుభమన్నాడు పురోహితుడు, పంచె మోకాళ్ళ పైకెత్తుకుంటూ.

తలుపులు మార్పిస్తానన్నాను. మావయ్య ఒప్పుకోలేదు. "గృహప్రవేశమైన ఇంట్లో ఏడాది తిరక్కుండా ఉలి వెయ్యకూడదు, గునపం దించకూడదు. అయినా మిరపకాయ బస్తాకి తలుపు ఎటు తెరుచుకుంటే ఏంట్రా?" అన్నాడు. ఆయన మనసులో గోడౌన్ అప్పుడే ప్రారంభోత్సవం చేసుకుంది. ఆపైన నన్ను అక్కడే కాపురముండి కుర్రాళ్ళని చూసుకోమన్నాడు. చేసినవాడు చేసినచోటే అనుభవించాలని ఆయన నమ్మకం.

కుర్రాళ్ళు వచ్చారు. గదులు పంచడం మాత్రం మావయ్యే చేశాడు.

"తూర్పు వరస మనవాళ్ళకి. పడమటి వరస మిగతావాళ్ళకి."

"మిగతావాళ్ళంటే?"

"మిగతావాళ్ళంటే మిగతావాళ్ళేరా. ఇంత చదివావు, ఆ మాత్రం తెలీదా?"

తెలుసు. తూర్పు వరసలో పొలాలున్న రైతుల బిడ్డలు. పడమటి వరసలో కూలిచేసే ఇళ్ళనుంచి, బడిపంతుళ్ళ ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళు, ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు. తూర్పు మొదటి గదిలో చిల్లకల్లు కోటేశ్వర్రావు దిగాడు. తండ్రికి ఊళ్ళో పెద్ద వ్యవసాయం, కొడుక్కి పెద్ద శరీరం. అతనికి సరిగ్గా ఎదురుగదిలో పెనుగంచిప్రోలు దేవదానం. చీపురుపుల్లలా ఉండేవాడు, వాళ్ళ నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. ఇద్దరూ ఒకటే క్లాసు. ఒకరినొకరు చూడకుండా ఉండటంలో ఇద్దరూ ఫస్టు క్లాసు.

కలివిడి శాల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. తూర్పువాళ్ళు తూర్పు మూల, పడమటివాళ్ళు పడమటి మూల కొన్నాళ్ళు నిలబడి చూశారు. తర్వాత అందులో లుంగీలు ఆరేసుకున్నారు. వీధికుక్క ఒకటి మధ్యాహ్నాలు వచ్చి పడుకునేది. నేను మంచం వేసుకున్నదీ అక్కడే. కలివిడి శాలలో కలివిడిగా ఉన్నది నేనూ, కుక్కా.

నడవలో మాత్రం యుద్ధం మొదలైంది. కోటేశ్వర్రావుకి గాలి కావాలి. తలుపు బార్లా తెరిచి, ఇటుక అడ్డం పెట్టి, మంచం మీద పడుకునేవాడు. దాంతో లోపలి గదుల వాళ్ళెవరూ హాల్లోకి రాలేరు. సన్నటివాళ్ళు తిన్నె ఎక్కి, పైనున్న అడుగు సందులోంచి పక్కగా జారుకునేవారు. ఒకడి తలుపు ఇంకొకడు మూయడం మర్యాద కాదు. ముయ్యమని అడగాలంటే మాట్లాడాలి. మాట్లాడుకోరు. నేను వెళ్ళి చెబితే, "ఇంజనీరు గారండీ, తలుపు పెట్టింది తెరవడానికేగదండీ?" అనేవాడు.

ఒకరోజు వాళ్ళ క్లాసుకి లెక్కల పరీక్ష. కోటేశ్వర్రావుకి పరీక్షకంటే నిద్ర ముఖ్యం, దేవదానానికి నిద్రకంటే పరీక్ష ముఖ్యం. పుస్తకాలు చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు. ఎదురుగా కోటేశ్వర్రావు తలుపు, లోపల గురక. తిన్నె ఎక్కబోతే పుస్తకాల కట్ట సందులో పట్టలేదు. నోరు తెరిచి ఓ మాట అంటే పోయేది. అనలేదు. గురక ఆగేదాకా తపస్సు చేస్తున్న మునిలా నిలబడి, సగం పరీక్ష పోగొట్టుకున్నాడు.

మర్నాడు దేవదానం కోడికంటే ముందే లేచి తన తలుపు బార్లా తీసి, రెండు ఇటుకలు పెట్టి, లోపల కూర్చుని గట్టిగా పాఠం చదవడం మొదలెట్టాడు. తలుపుకి తలుపు!

ఇక్కడ మీకు క్యారేజీల సంగతి చెప్పాలి. మా ప్రాంతపు తల్లులు పొద్దున్నే వండి, క్యారేజీ కట్టి, ఊళ్ళో ఆగిన బస్సులో డ్రైవరు పక్కన పెట్టించేవాళ్ళు. నందిగామ బస్టాండులో కొడుకు అందుకోవాలి. అందుకోకపోతే బస్సు దానికోసం ఏడుస్తూ కూర్చోదు. కోటేశ్వర్రావు ఆ పూట దేవదానం తలుపు ముందు నిలబడ్డాడు. అతను తిన్నె ఎక్కి సందులో దూరే ప్రశ్నే లేదు. అసలు తిన్నె ఎక్కడమే సమస్య. దేవదానం చదువుతూనే ఉన్నాడు. ఇతను నిలబడే ఉన్నాడు. రోడ్డు మీద చిల్లకల్లు బస్సు హారన్ కొట్టుకుంటూ, కోటేశ్వర్రావు కోడికూరనీ గారెల్నీ తీసుకుని, బెజవాడ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం దేవదానం తన క్యారేజీ తెచ్చుకుని గదిలో విప్పాడు. వాళ్ళ ఊరి మునేటి చేపల పులుసు. నాలుగడుగుల నడవ దాటడానికి ఆ వాసనకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎదురుగదిలో మంచం కిర్రుమంది. ఇంకోసారి కిర్రుమంది. ఆ తర్వాత, ఆ భవన చరిత్రలో తూర్పునుంచి పడమటికి పలికిన మొట్టమొదటి వాక్యం వినబడింది.

"ఆ తలుపన్నా ముయ్యి, లేకపోతే ఓ ముద్దన్నా పెట్టు!"

తర్వాత దేవదానం గొంతు. "తలుపు ముయ్యడం కుదరదు. ఇటుకలున్నాయి."

"అయితే రెండోదే కానియ్యి."

"మీవాళ్ళు ఏమన్నా అంటారేమో."

"మావాళ్ళు బెజవాడలో ఉన్నారు. క్యారేజీతో పాటు."

నవ్వింది ముందెవరో నాకు తెలీదు. నేను మాత్రం కలివిడి శాలలో కుక్కని కావలించుకున్నాను.

ఆ రోజునుంచి తలుపు తెరిచేముందు "తలుపూ!" అని కేకెయ్యడం అలవాటైంది. ఎదుటివాడు "ఆగూ!" అనో "రా!" అనో అనాలి. ముందు బయటపడ్డవాడు అందరి క్యారేజీలూ తెచ్చెయ్యాలని ఒప్పందం. ఒక కర్రకి క్యారేజీలన్నీ తగిలించుకుని ఇద్దరు మోసుకొచ్చేవారు. తెచ్చాక గదిగదికీ పంచాలంటే ఎన్ని తలుపులు తెరవాలి, ఎన్ని కేకలెయ్యాలి? అంతకంటే నడవలో తిన్నెల మీద కూర్చుని అక్కడే తినేస్తే పోదూ? మోకాళ్ళకి మోకాళ్ళు తగులుతూ కూర్చునేవారు. ఎవరి గిన్నెలో ఎవరి చెయ్యి ఉందో వాళ్ళకే తెలిసేది కాదు. పక్కనే ఊరి పెళ్ళి చేయగలిగినంత హాలు కుక్కకి వదిలేసి, ఎనిమిది గదుల కుర్రాళ్ళూ ఆ బల్లి సందులో కూర్చుని నవ్వుకునేవారు. ఇది ముందే ఊహించానని మా మాస్టారికి ఉత్తరం కూడా రాశాను. అబద్ధాలకి కూడా పునాది గట్టిగా ఉండాలి.

అన్నీ కుదిరాయనుకుంటున్నప్పుడే మిరప కోతకొచ్చింది.

ఒక మధ్యాహ్నం మావయ్య దిగాడు. వెంట ఓ మనిషి, మనిషి నెత్తిన కొత్తకాయ బస్తా. దాన్ని తెచ్చి హాల్లో సరిగ్గా నా మంచం పక్కన దించారు. వెనకే కోటేశ్వర్రావు తండ్రి సాంబయ్య గారు, తెల్లటి పంచె, ఎర్రటి మొహం.

"ఏం భద్రయ్యా, మావాడు ఎవరెవరి గిన్నెల్లోనో తింటన్నాడంట? ఊళ్ళో మొహమెత్తుకోనియ్యట్లా."

"నాకేం తెలుసు బావా? ఇదంతా మా ఇంజనీరు కట్టిన స్నేహం," అన్నాడు మావయ్య, బస్తా తడుముతూ.

సాంబయ్య గారి అబ్బాయి పోతే తూర్పు వరసంతా పోతుంది. తూర్పు పోతే అది హాస్టలు కాదు. నేను గొంతు సవరించుకుని అద్భుతమైన ఉపన్యాసం ఒకటి సిద్ధం చేసుకున్నాను. కానీ బస్తా పక్కనే ఉంది. ఉపన్యాసం ముక్కులో ఇరుక్కుంది.

సాంబయ్య గారు నడవలోకి నడిచారు. తిన్నెల మీద కుర్రాళ్ళు, మధ్యలో తెరిచిన క్యారేజీలు. కోటేశ్వర్రావు చెయ్యి దేవదానం గిన్నెలో ఉంది.

"ఒరేయ్ కోటీ! లే. పెట్టె సర్దు. పద ఇంటికి!"

"హాఛ్!"

తుమ్మింది నేను. ఒక్కటే తుమ్ము.

బయల్దేరేవేళ ఒంటితుమ్ము! సాంబయ్య గారు రెండో అడుగు గాల్లోనే ఆపేశారు. జంటతుమ్మైతే దోషం లేదు. మరోటి వస్తుందేమోనని అందరూ నా ముక్కువైపే చూశారు. రాలేదు.

"కాసేపు కూర్చోండి బాబాయ్," అని ఎవరో తిన్నె చూపించారు. ఆయన కూర్చున్నారు. నేను కట్టిన తిన్నె మీద ఒక పెద్దమనిషి కూర్చోవడం అదే మొదటిసారి.

కాసేపయ్యాక లేచారు. "ఇక పదరా."

"హాఛ్!"

మళ్ళీ ఒంటిదే. మళ్ళీ కూర్చున్నారు. "ఏవయ్యా ఇంజనీరూ, తుమ్మేదేదో రెండు కలిపి తుమ్మకూడదా?" అని విసుక్కున్నారు. నా ముక్కు నా మాట వినదని ఆయనకి ఎలా చెప్పను?

ఈలోగా దేవదానం ఆయనకి మంచినీళ్ళు తేవడానికి తన గదిలోకి దూరి, "తలుపూ!" అంటూ తిరిగొచ్చాడు. తలుపు తెరుచుకుని నడవకి గేటు పడింది. అవతల సాంబయ్య గారు, కుర్రాళ్ళు. ఇవతల మావయ్య, నేను, మిరపకాయలు.

"ఏం జరుగుతోందిరా లోపల?" అన్నాడు మావయ్య.

నేను తిన్నె ఎక్కి సందులోంచి తొంగిచూశాను. "కూర్చున్నా... హాఛ్... రండీ."

సాంబయ్య గారు చిల్లకల్లునుంచి ఎండన పడి వచ్చిన మనిషి. మధ్యాహ్నం దాటింది. మోకాళ్ళ దగ్గర గిన్నెలు. లేద్దామంటే తుమ్ము, పోదామంటే తలుపు. ఎంతటి కోపమైనా ఖాళీ కడుపు మీద ఎంతసేపు నిలబడుతుంది? క్యారేజీ మూతలో ఎవరో అన్నం పెట్టారు. ఎవరో పులుసు పోశారు. ఆయన ఎటో చూస్తూ ఓ ముద్ద కలిపారు. రెండో ముద్ద చూసే కలిపారు.

"ఎవరింటిదిరా ఈ పులుసు?"

నాకు తుమ్ము కూడా రాలేదు.

"మా ఇంటిదండీ," అన్నాడు దేవదానం. "పెనుగంచిప్రోలు. మా అమ్మ చేసిందండీ. మునేటి చేపలండీ."

సాంబయ్య గారి చెయ్యి మూతలోనే ఆగిపోయింది. కొడుకు మొహం చూశారు. ఆ పిల్లాడి మొహం చూశారు. ఆ తర్వాత చాలాసేపు పులుసుకేసి చూశారు.

"పులుపు సరిగ్గా పడింది. మా ఇంట్లో ఈ రుచి రాదు," అన్నారు. "నిలబడ్డావేం? ఇంకో ముక్క వెయ్యి."

కోటేశ్వర్రావు తండ్రి పక్కనే జరిగి కూర్చున్నాడు. ఆ తిన్నె ఇద్దరికి సరిపోదు. అయినా కూర్చున్నాడు.

చెయ్యి కడుక్కుని, దేవదానం చేత తలుపు మూయించుకుని హాల్లోకొచ్చాక, సాంబయ్య గారు గంభీరంగా ప్రకటించారు. "మావాణ్ణి తీసుకుపోదామనే వచ్చా భద్రయ్యా. కానీ శకునం ఒప్పుకోట్లా. లేచినప్పుడల్లా తుమ్మాయె. వాడికి ఇక్కణ్ణించి కదిలే యోగం లేదు." ఊళ్ళోనూ ఇదే చెప్పారట. శకునాన్ని కాదనగల మొనగాడు చిల్లకల్లులో ఎవడూ లేకపోయాడు.

మావయ్య బస్తావైపు చూశాడు, నావైపు చూశాడు, మనిషిని పిలిచాడు. "తీసెయ్యరా దీన్ని. ఇక్కడ పన్లేదు."

నేను అప్పుడు వరసగా రెండు తుమ్మాను. జంటతుమ్ము, జయసూచకం.

ఏడాది తిరిగాక మావయ్య ఉలి వేసుకోమని అనుమతిచ్చాడు. కుర్రాళ్ళు ఒప్పుకోలేదు. అప్పటికి ఆ నందిగామ భవనంలో ఓ కొత్త చుట్టరికం పుట్టి ఉంది: 'ఎదురుతలుపు'. "వీడు నా ఎదురుతలుపండీ" అంటే తోడబుట్టినవాడి తర్వాత, తోడల్లుడికంటే చాలా ముందు అని అర్థం. దేవదానం పెళ్ళికి కోటేశ్వర్రావు చర్చిలో ముందు వరసలో కూర్చుని, పెళ్ళికూతురివాళ్ళు ఎవరని అడిగితే, "అబ్బాయి తరఫు. ఎదురుతలుపు," అన్నాడట. కాలేజీ లెక్చరర్లు వచ్చి చూసి, "నడవ ఇంత ఇరుగ్గా పెట్టడంలోనే ఉందండీ మీ ప్రతిభ!" అన్నారు. నేను తల వంచుకున్నాను. దాన్ని వాళ్ళు వినయమనుకున్నారు.

కథ ఇక్కడ ఆగితే నేను గొప్పవాణ్ణే. కానీ మొదట్లో ఘోరం అని మాటిచ్చాను కదా. అది ఇప్పుడొస్తుంది.

ఎనభైల్లో మావయ్య జగ్గయ్యపేటలో ఇంకో జాగా కొని, "ఒరేయ్, నందిగామలో కట్టినట్టే ఇంకోటి కట్టెయ్," అన్నాడు. అచ్చంగా అలాగే కడితే ఏ పేచీ లేదు. నాలో నిద్రపోతున్న పట్టా అప్పుడే లేచింది. ఈసారి లెక్క తప్పకూడదనుకున్నాను. ఎనిమిదడుగుల నడవ, లోపలికి తెరుచుకునే తలుపులు. దారికి అడ్డమని తిన్నెలు తీసేశాను. గృహప్రవేశంలో ఆవు దర్జాగా లోపలిదాకా వెళ్ళి, దర్జాగా తిరిగొచ్చింది. అప్పుడే అనుమానించాల్సింది.

కుర్రాళ్ళు వచ్చారు. ఎవడి తలుపు వాడు తీసుకున్నాడు, ఎవడి తలుపు వాడు వేసుకున్నాడు. ఎవడికీ ఎవడూ అడ్డం రాలేదు. రెండేళ్ళున్నా ఎదురుగదిలో ఎవరున్నారో ఎవరికీ తెలీదు. ఒక్కొక్కరే ఖాళీ చేసి నందిగామ బస్సెక్కారు. పోతూ పోతూ ఒకడు, "గదులు బాగానే ఉన్నాయండీ. మనుషులే లేరండీ," అన్నాడు.

ఇప్పుడది మిరపకాయల గోడౌన్. మొదటి బస్తాలు దించిన రోజు మావయ్య నన్ను నడవ మధ్యలో నిలబెట్టాడు. "ఇంత ఖర్చుపెట్టి ఆ తప్పెందుకు దిద్దావురా?"

నేను చెయ్యి పైకెత్తి, అష్టదిక్పాలకులూ వినేలా ప్రమాణం మొదలుపెట్టాను. "మావయ్యా, ఇక ఈ జన్మలో సరైన కొలతలతో ఏ కట్టడమూ క... క... హాఛ్!"

"ఒంటితుమ్మురా," అన్నాడు మావయ్య. "కాసేపు కూర్చుని, మళ్ళీ మొదలెట్టు."

కూర్చోడానికి చుట్టూ చూశాను. అంత పక్కాగా కట్టిన ఆ నడవలో ఈ చివరనుంచి ఆ చివరిదాకా తిన్నె ఒక్కటి కూడా లేదు.

ఆ ప్రమాణం ఇప్పటికీ అలా నిలబడే ఉంది.